ప్రాథమిక పాఠశాలలో కళా విద్య: గ్రేడు ఉంది, పీరియడు ఏది?

పాలమూరు అమ్మ (నారాయణపేట జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గరే బట్టలు కుడుతూ, మా మహిళా సంఘం లెక్కలు రాస్తుంటాను. మా పాప ఊళ్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతున్నప్పుడు మొదలుపెట్టిన ఒక ప్రయత్నం ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో ఇక్కడ వివరంగా రాయాలనుకుంటున్నాను. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ అనుభవాలు తెలిస్తే మాకు కూడా దారి దొరుకుతుంది.

పాప ప్రగతి పత్రంలో తెలుగు, గణితం, ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానం కింద సహపాఠ్య విషయాలు అని కొన్ని గడులు ఉన్నాయి. అందులో ‘కళలు, సాంస్కృతిక విద్య’ అన్న గడికి ఎదురుగా ‘ఎ’ గ్రేడు వేసి ఉంది. ఇంటికొచ్చి సంచిలోని పుస్తకాలన్నీ తిరగేశాను. ఒక్క బొమ్మ లేదు. బడిలో ఏం పాటలు నేర్పారని అడిగితే ప్రార్థన గీతం తప్ప ఏమీ చెప్పలేకపోయింది. పక్కింటి పిల్లల పత్రాలు చూస్తే అందరికీ అదే గ్రేడు. గోడకు అంటించిన కాలపట్టికలో మాత్రం శనివారం మధ్యాహ్నం కళా విద్య పీరియడు రాసి ఉంది. ఆ గంటలో ఎక్కాలు చదివిస్తున్నారు.

నేను ఉపాధ్యాయులను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఐదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులు, దానికి తోడు 2022 నుంచి తొలిమెట్టు కార్యక్రమం కింద చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ప్రతి పిల్లవాడి స్థాయినీ నమోదు చేయాలి. మధ్యాహ్న భోజనం చూడాలి, పై అధికారులు అడిగిన వివరాలు ఫోనులో ఎక్కించాలి. అన్నింటికీ సమయం చాలనప్పుడు ఎవరైనా ముందుగా తీసేసేది పరీక్ష లేని పీరియడునే.

పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో ఈ విషయం అడిగినప్పుడు ఒక తండ్రి లేచి, ‘జనవరి 26కు పిల్లలతోటి డ్యాన్సులు చేపిస్తున్నరు గదా, ఇంకేం కావాలె?’ అన్నారు. అప్పటి నుంచి నా ప్రయత్నమంతా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంతోనే సాగింది. గణతంత్ర దినోత్సవం నాడు వేదిక ఎక్కేది బాగా ఆడగలిగే కొద్దిమంది పిల్లలే. మిగిలినవాళ్లు కింద కూర్చుని చప్పట్లు కొడతారు. ఆడినవాళ్లు కూడా సెల్‌ఫోనులో చూసిన అడుగులనే తిరిగి వేస్తారు. తరగతిలో ఉన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ వారం వారం తన చేత్తో ఏదైనా తయారు చేయడం, తన గొంతుతో పాడడం, తన మాటలతో ఒక పాత్రను ఆడడం నేను కోరుకుంటున్న కళా విద్య.

మాట పట్టుకుని ఊరుకోకుండా పని చేసి చూపిస్తేనే నమ్ముతారని, సారును ఒప్పించి మూడో తరగతితో మొదలుపెట్టాము. ఖర్చులేనిది ఏదని ఆలోచిస్తే చెరువు మట్టి కనిపించింది. మా ఊరి కుమ్మరి పెద్దాయన వచ్చి, మట్టిలో రాళ్లు ఏరడం, నీళ్లు చల్లి తొక్కడం, పగుళ్లు రాకుండా నీడన ఆరబెట్టడం నేర్పారు. పాప తరగతిలో ఒక బాబు ఉన్నాడు. అమ్మానాన్నలు పని కోసం పూణె పోతే తాత దగ్గర ఉంటాడు. తరగతిలో నోరు విప్పని పిల్లవాడు. వాడు ఎద్దును చేసి ఒక కొమ్ము పొడుగ్గా, ఒక కొమ్ము పొట్టిగా పెట్టాడు. టీచరు సరిచేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, ‘మా తాత ఎద్దుకు గట్లనే ఉంటది, గోడకు పొడిచి ఇరగ్గొట్టుకున్నది’ అన్నాడు. టీచరు చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ మాటలనే నల్లబల్ల మీద రాసి పిల్లలందరితో చదివించారు. ఆ వారం తెలుగు పాఠం అదే అయింది. తర్వాత నేను ఏ సమావేశంలో మాట్లాడినా ఈ సంగతి చెప్పకుండా ఉండలేదు.

ఇప్పుడు మా బడిలో వారానికి రెండు పీరియడ్లు నిలబడ్డాయి. పక్క ఊళ్లలో రెండు మూడు బడుల్లో మొదలైంది. ఒకచోట టీచరు బదిలీ కాగానే ఆగిపోయింది. మండల విద్యాధికారికి వినతి పత్రం ఇచ్చాము. ఆదేశం కోసం ఎదురుచూస్తున్నాము.


నల్లగొండ నాన్న

అమ్మా, మీ శ్రమను గౌరవిస్తాను. కానీ నా ఆందోళన దాచుకోకుండా చెబుతాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. నా కొడుకు నాలుగో తరగతి. ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో రాకపోతే ఆ తర్వాత చలకుర్తి నవోదయకు రాయించాలి. మా ఊరి బడిలో నాలుగో తరగతి పిల్లలు చాలామంది తీసివేతలే సరిగా చేయలేకపోతున్నారు. పట్నంలో ఉన్నవాళ్లు సంగీతం క్లాసుకు, డ్రాయింగు క్లాసుకు డబ్బు కట్టి పంపుతారు, అది వాళ్లకు చెల్లుతుంది. మాకు బడి తప్ప వేరే ఆధారం లేదు. ఆ బడిలో ఉన్న సమయమంతా చదువుకే పోవాలని కోరుకోవడం తప్పా?


పాలమూరు అమ్మ

అన్నగారూ, తప్పు కాదు. మీ భయం నాకూ ఉంది, మా పాప కూడా అవే పరీక్షలు రాయాలి.

ముందు సమయం లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలి. వారానికి నలభై నిమిషాల పీరియడ్లు రెండు వేసుకుంటే, ఆ 200 రోజుల్లో సుమారు 44 గంటలు అవుతాయి. నూటికి ఆరు గంటలు కూడా కాదు. మిగిలిన తొంభై నాలుగు గంటల్లో తీసివేతలు రాలేదంటే, ఈ ఆరు గంటలు కలిపినంత మాత్రాన వస్తాయని నేను అనుకోవడం లేదు.

ఇక నవోదయ సంగతి. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 100 మార్కులకు 50 మార్కులు మేధాశక్తి విభాగానివి. ఆ 40 ప్రశ్నలూ బొమ్మలే. నాలుగింటిలో వేరుగా ఉన్న ఆకారం ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, కాగితం మడిచి కత్తిరిస్తే విప్పినప్పుడు ఎలా ఉంటుంది అని అడుగుతారు. కోచింగు పుస్తకంలో ఇవి చూసి బట్టీ పట్టే పిల్లలకన్నా, నిజంగా కాగితం మడిచి కత్తెరతో కత్తిరించి విప్పి చూసిన పిల్లలకు ఇవి తేలికగా అర్థమవుతాయి.

అయినా ఒక మాట. పరీక్షకు పనికొస్తుందని మాత్రమే కళను బడిలోకి తేవాలని నేను అడగడం లేదు. డబ్బున్న ఇంటి పిల్లలకు బయట దొరుకుతుందని మీరే రాశారు. మన పిల్లలకు బడిలో కూడా దొరకకపోతే ఇంకెక్కడ దొరుకుతుంది? బడి తప్ప ఆధారం లేని పిల్లలకే ఈ పీరియడు ఎక్కువ అవసరమని నా నమ్మకం.


మిర్యాలగూడ ప్రధానోపాధ్యాయుడు

ఈ చర్చలో తల్లిదండ్రులు గమనించాల్సిన ఒక విషయం ఉంది. కళా విద్య కోసం ఉన్న ఏర్పాట్లన్నీ పెద్ద పిల్లల దగ్గరే మొదలవుతాయి. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో కళా విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలని ఉన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వందమందికి మించి పిల్లలు ఉన్న చోట. జాతీయ విద్యా విధానం 2020 కుమ్మరులు, వడ్రంగులు, కళాకారుల దగ్గర పది రోజులు పుస్తకాల సంచి లేకుండా నేర్చుకోవాలని చెప్పింది కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతులకే. కేంద్ర విద్యా శాఖ 2015 నుంచి జరుపుతున్న కళా ఉత్సవ్ ఉన్నత పాఠశాల స్థాయి పిల్లల కోసం ఏర్పడింది. డ్రాయింగు మాస్టారు పోస్టు ఉండేది ఉన్నత పాఠశాలలోనే. ఆరేళ్ల నుంచి పదేళ్ల పిల్లలకు తరగతి ఉపాధ్యాయుడే దిక్కు.

అందుకని ప్రాథమిక స్థాయిలో కొత్త పోస్టులు అడగడంకన్నా, ఉన్న ఉపాధ్యాయుడికి ధైర్యం కలిగించడం ముందు జరగాలని నా అభిప్రాయం. మాలో చాలామందికి బొమ్మ వేయడం రాదన్న బెరుకు ఉంటుంది. ఉపాధ్యాయ శిక్షణ కోర్సు డీఈడీలో కళా విద్య ఒక అంశంగా ఉన్నా, రికార్డు పూర్తి చేసి మార్కులు తెచ్చుకోవడంతో అది ముగిసిపోతుంది. హైదరాబాదులో సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) ప్రాంతీయ కేంద్రం ఉంది. దేశంలోని ఉపాధ్యాయులకు కళల ద్వారా బోధించడంలో శిక్షణ ఇవ్వడం ఆ సంస్థ ముఖ్యమైన పని. మన ఉపాధ్యాయులను అక్కడి శిక్షణకు పంపమని తల్లిదండ్రుల కమిటీ లిఖితపూర్వకంగా కోరవచ్చు. మేము అడిగితే సెలవు కోసం అడిగినట్టు చూస్తారు, మీరు అడిగితే మరోలా వింటారు.

ఇంకొక అనుభవం. ఇద్దరు ఉపాధ్యాయుల బడిలో కళా విద్య కష్టమని అందరూ అనుకుంటారు. నిజానికి బహుళ తరగతి బోధనలో అన్నింటికన్నా తేలికైన పీరియడు అదే. మూడు తరగతుల పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి గణితం చెప్పాలంటే మూడు రకాల లెక్కలు ఇవ్వాలి. మట్టి గానీ కాగితం గానీ ఇస్తే, ఒకటో తరగతి పిల్ల తనకు చేతనైనంత చేస్తుంది, ఐదో తరగతి పిల్ల తనకు చేతనైనంత చేస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసి నేర్చుకుంటారు.


వనపర్తి డ్రాయింగు మాస్టారు (విశ్రాంత)

ప్రధానోపాధ్యాయుల వారి మాటకు కొనసాగింపుగా రాస్తున్నాను. పీరియడు సాధించుకోవడం ఎంత ముఖ్యమో, ఆ పీరియడులో ఏం జరుగుతుందో చూడడం అంతే ముఖ్యం.

ఉన్నత పాఠశాలకు వచ్చిన ఆరో తరగతి పిల్లలకు తెల్లకాగితం ఇచ్చి మీకు నచ్చిన బొమ్మ వేయమంటే, ఏటా దాదాపు అందరూ ఒకే బొమ్మ వేసేవారు. రెండు మొనదేలిన కొండలు, మధ్యలో కిరణాలతో సూర్యుడు, కిందికి దిగే నది, పక్కన పెంకుటిల్లు, ఒక కొబ్బరి చెట్టు. మన పాలమూరులో కొండ అంటే గుండ్రటి బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకున్న గుట్ట. ఇంటి వెనకే ఆ గుట్ట ఉన్న పిల్లవాడు కూడా మొనదేలిన కొండనే వేస్తాడు. ఎవరో నల్లబల్ల మీద వేసి చూపించారు, వాడు దించుకున్నాడు, అంతే. కంటి ఎదుట ఉన్నదాన్ని చూడడం వాడికి ఎవరూ నేర్పలేదు.

కాబట్టి టీచర్లకు నా మనవి: బల్ల మీద బొమ్మ వేసి దించుకోమనకండి. మీకు బొమ్మ రాకపోవడం పిల్లలకు మేలే. వేప కొమ్మ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టండి. ఆకు అంచు రంపంలా ఉందా, నున్నగా ఉందా, ఈనెకు రెండు వైపులా ఆకులు సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయా లేదా అని అడగండి. బాగా చూశాక వేయమనండి. బాగుంది, బాగాలేదు అని తీర్పు చెప్పకుండా, ఇక్కడ ఏం చూశావు అని అడగండి.

రంగులకు డబ్బు లేదంటారు. ఎర్రమట్టి, జేగురు, ముగ్గుపిండి, పసుపు, బొగ్గు మన ఊళ్లలో దొరుకుతాయి. ఫాల్గుణంలో మోదుగ పూలు మరిగిస్తే నారింజ రంగు వస్తుంది. కొద్దిగా తుమ్మజిగురు కలిపితే మట్టి రంగు కాగితానికి పట్టుకుంటుంది. కుంచె లేకపోతే ఈత పుల్ల కొసను నలగ్గొట్టి వాడుకోవచ్చు.


పానగల్లు టీచరమ్మ

మాస్టారు గారికి నమస్కారాలు. చూడడం నేర్పాలన్న మీ మాటను బలపరిచే ఒక పాఠం మా బడిలో జరిగింది, అది చెబుతాను.

ఎండాకాలం ఒంటిపూట బడి మొదలుకాకముందు, నాలుగో తరగతి పిల్లలను జతలుగా చేసి, ఒకరు నిలబడితే ఇంకొకరు ఆ నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీసేలా చేశాను. ప్రార్థన అయ్యాక ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే చోట నిలబడి గీశారు. ముంగిలి అంతా పొడుగూ పొట్టీ మనుషులతో నిండిపోయింది. నీడ ఎందుకు జరిగింది, మధ్యాహ్నం ఎందుకు కుంచించుకుపోయింది అని వాళ్లే వాదించుకున్నారు. కొందరు ఆ నీడల్లో కళ్లు, మీసాలు, గజ్జెల లాగులు గీసి పెద్దగట్టు జాతరకు పోయే మనుషులను చేశారు.

తర్వాత వాళ్లను దగ్గర్లోని ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయాను. అక్కడ గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పడే నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. అంతవరకు ఆ గుడిని పండుగకు వచ్చే చోటుగానే చూసిన పిల్లలు, తమ నీడ జరిగింది కదా, ఇది ఎందుకు జరగదు అని స్తంభాల మధ్య తిరుగుతూ వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందో వెతికారు. శిల్పులు స్తంభాలను, వెలుతురు వచ్చే దారులను ఎంత లెక్కతో అమర్చారో అప్పుడు మాట్లాడుకున్నాము. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలను కూడా కాగితం మీద వేసుకున్నారు.

ఇది కళ పాఠమా, విజ్ఞాన పాఠమా అని తనిఖీకి వచ్చినవారు అడిగితే ఏ రిజిస్టరులో రాయాలో నాకు తెలియలేదు. రెండింటిలోనూ రాశాను.


గద్వాల మగ్గం

మాది నేత కుటుంబం. కళను పిల్లల దగ్గరికి తేవాలన్నది మంచి మాట. కానీ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కళాకారులను ఉత్త చేతులతో పంపకండి.

ఏదైనా బడిలో ప్రదర్శన ఉందంటే, ఒక పూట వచ్చి మగ్గం గురించి చెప్పమని పిలుస్తారు. శాలువా కప్పుతారు, ఫోటో దిగుతారు. ఆ పూట మగ్గం ఆగితే మాకు కూలి పోతుంది. గద్వాల చీరలో నూలు ఒడలును, పట్టు అంచును కుప్పడం అనే అల్లికతో పోగు పోగు కలపాలి. ఇద్దరు మనుషులు కూర్చోవాల్సిన పని అది. ఒక మనిషి లేచిపోతే రెండో మనిషికీ పని ఉండదు.

నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారికి పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారికి బుర్రవీణకు 2024లో వచ్చింది. మన ప్రాంతమంతా సంతోషించాము. అయితే ఆ వాద్యాల మోత దగ్గరగా విన్న పిల్లలు, ఎండిన సొరబుర్రను చేత్తో తట్టి చూసిన పిల్లలు మన బడుల్లో ఎంతమంది ఉన్నారు? కళాకారుడికి ఏడాదిలో కొన్ని పూటల పని, దానికి న్యాయమైన కూలి ఇచ్చే ఏర్పాటు బడిలో ఉంటే, అటు పిల్లలూ నేర్చుకుంటారు, ఇటు ఆ విద్యా నిలుస్తుంది.


పాలమూరు అమ్మ

అన్నా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా ఊరి కుమ్మరి పెద్దాయనకు మొదటి రోజు నుంచి ఉపాధి హామీ కూలికి తగ్గకుండా ఇస్తున్నాము. ఆ డబ్బు మా సంఘం సభ్యులు, ఊళ్లోని ఇద్దరు దుకాణదారులు కలిసి పెడుతున్నారు. ఇది ఎల్లకాలం చందాలతో నడవదు. అందుకే పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో రాయిస్తున్నాము. ఆ ప్రణాళికను తయారు చేసే అధికారం విద్యాహక్కు చట్టంలోని 22వ సెక్షను యాజమాన్య కమిటీకే ఇచ్చింది. మరుగుదొడ్ల మరమ్మతు, ప్రహరీగోడ, వంటగది అని రాస్తారు తప్ప కళాకారుల గౌరవ వేతనం అని ఎవరూ రాయరు. రాయకపోతే అడిగే ఆధారమే ఉండదు.


దేవరకొండ తండా నుంచి

మా తండా బడిలో ఒకటో తరగతికి వచ్చే పిల్లలకు ఇంట్లో మాట్లాడే గోర్ బోలీ (లంబాడీ భాష) తప్ప తెలుగు రాదు. టీచరు మంచివారే గానీ మా భాష రాదు. మొదటి కొన్ని నెలలు పిల్లలు మౌనంగా కూర్చుంటారు, ఆ మౌనాన్ని చదువు రాకపోవడంగా రాసుకుంటారు.

నిరుడు మా అమ్మ బడికి పోయి, తన పాత పేటియా (లంబాడీ లంగా) మీది అద్దాలు, గవ్వలు, కుట్టుపని పిల్లలకు చూపించింది. త్రికోణం, చతురస్రం, గీతల వరుసలు అన్నీ అందులో ఉన్నాయి. టీచరు వాటి పేర్లు తెలుగులో చెబుతుంటే, పిల్లలు మా భాషలో చెప్పారు. టీచరు రాసుకున్నారు. మా తీజ్ పండుగ పాట ఒకటి పిల్లలు పాడి వినిపిస్తే టీచరు పలకడం నేర్చుకున్నారు, పిల్లలు ఆమె ఉచ్చారణను సరిదిద్దారు. ఏడాదంతా తమను సరిదిద్దే మనిషిని తాము సరిదిద్దిన పూట అది. ఆ రోజు నుంచి మా అన్న కూతురు ఇంటికి వచ్చి బడి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది.

చిన్న తరగతుల్లో మాతృభాష గురించి చట్టాలు, విధానాలు చాలా చెబుతాయి. మా దగ్గర అది పాట ద్వారా, కుట్టు ద్వారా లోపలికి వచ్చింది.


నల్లగొండ నాన్న

అందరివీ చదివాను. తండా బడి సంగతి చదివాక నా కొడుకు బడిలో ఉన్న తండా పిల్లలు గుర్తొచ్చారు.

నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పను. నాలుగో తరగతి పిల్లవాడికి తీసివేతలు రాకుండా బొమ్మలు వచ్చినా నాకు తృప్తి ఉండదు. కానీ ప్రగతి పత్రంలో ‘ఎ’ వేసి పీరియడు లేకపోవడం మాత్రం సరికాదు. మా కమిటీ సమావేశంలో అడుగుతాను. అడిగేటప్పుడు ఏ పీరియడు తీసి ఇది పెట్టాలని నన్ను నిలదీస్తారు. మీరు మీ బడిలో ఏం తీశారు?


పాలమూరు అమ్మ

ఏదీ తీయలేదు అన్నగారూ. కాలపట్టికలో ఉన్న పీరియడునే అమలు చేయమన్నాము. మీ బడి కాలపట్టికను ముందు ఫోనులో ఫోటో తీసుకోండి, అందులో కళా విద్య ఎక్కడ ఉందో చూసుకుని సమావేశానికి పోండి. రెండో పీరియడుకు తెలుగు, పరిసరాల విజ్ఞానం పాఠాలు చెప్పే సమయంలో వారానికి ఒకసారి చేత్తో చేసే పని కలపమని అడిగాము. గణితం పీరియడును ముట్టుకోలేదు, ముట్టుకుంటే సగం మంది తల్లిదండ్రులు అక్కడే లేచిపోయేవారు.

ఇంకొన్ని చిన్న సంగతులు మీకు పనికొస్తాయి. మట్టి పని భోజనం తర్వాత పెట్టకండి, చేతులు కడిగే నీళ్లు అప్పటికి అయిపోతాయి. శనివారం పెడితే ఊరికి పోయే పిల్లలు తప్పిపోతారు, బుధ, గురువారాలు మేలు. పిల్లలు చేసినవాటిలో బాగున్నవి ఏరి గోడకు పెట్టే అలవాటు రానివ్వకండి, పెడితే అందరివీ పెట్టమనండి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి, సంతకాలు అయ్యాక దాని నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. టీచరు బదిలీ అయినప్పుడు కొత్తగా వచ్చినవారికి చూపించడానికి అదొక్కటే ఉంటుంది. మా పక్క ఊరిలో ఆగిపోయింది ఆ కాగితం లేకనే.


మిర్యాలగూడ ప్రధానోపాధ్యాయుడు

నల్లగొండ సోదరులకు: మీ సమావేశానికి ముందు మీ బడి ప్రధానోపాధ్యాయుడితో ఒకసారి విడిగా మాట్లాడండి. నలుగురిలో హఠాత్తుగా అడిగితే ఆరోపణలా వినిపిస్తుంది. వనపర్తి మాస్టారు ఒప్పుకుంటే, వచ్చే కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయుల) సమావేశంలో మా ఉపాధ్యాయులకు మట్టి రంగుల తయారీ, వేప కొమ్మ పాఠం చేసి చూపించమని కోరుతున్నాను. రాకపోకల ఖర్చు, గౌరవ వేతనం మా కాంప్లెక్స్ ఉపాధ్యాయులం భరిస్తాము.


వనపర్తి డ్రాయింగు మాస్టారు (విశ్రాంత)

తప్పకుండా వస్తాను. వేతనం అక్కరలేదు, గద్వాల తమ్ముడి మాట ప్రకారం మీ దగ్గరి నేత కార్మికుడినో, ఒగ్గు కళాకారుడినో కూడా పిలిచి ఆ డబ్బు వారికి ఇవ్వండి. ఉపాధ్యాయులు ఒక్కొక్కరూ తమ ఊరి మట్టి పిడికెడు పొట్లం కట్టి తీసుకురావాలి. ఊరూరి మట్టి రంగు వేరుగా ఉంటుంది, వాటితోనే పని మొదలుపెడదాం.